పాస్టరు గారి గదిలో మా ఆయన

చంద్రపూర్, బుధవారం

పాస్టరు శాంతిరాజు గారికి,

సండే స్కూల్లో మీకు తెలుగు అక్షరాలు దిద్దించిన సౌభాగ్యమ్మ వందనాలు. రెండు సందుల అవతలి మనిషికి ఉత్తరమేమిటని నవ్వుకోకండి. నేను ఫోనెత్తితే గోడ అవతల ఆగమ్మ కుక్కర్ కట్టేసి మరీ వింటుంది.

మా ఆయన స్టాన్లీ మూడు మంగళవారాలుగా ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మీ గదికి వస్తున్నారు. గంట తర్వాత ఎర్రబడ్డ కళ్లతో ఇంటికొస్తున్నారు. అడిగితే "ఏం లేదు" అంటారు. గని నుంచి రిటైరైన ఈ ఎనిమిది నెలల్లో ఆయన మాట్లాడిన దాంట్లో సగం ఆ రెండు మాటలే. క్వయర్‌లో పాడటం మానేశారు. కంచం ముందు నుంచి సగంలో లేస్తున్నారు. పోయిన ఆదివారం రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి ప్రభువు బల్ల దగ్గరికీ రాలేదు.

నాకు తెలిసిన యాభై ఏళ్లలో మన సంఘంలో పాస్టరు గదికి మనిషిని పిలిచేది ఒక్కందుకే. తప్పు చేస్తే, ఆ బల్లకు రాకుండా ఆపడానికి. కాబట్టి సూటిగా అడుగుతున్నాను. మా ఆయన ఏం చేశారు? ఊరికంటే ముందు భార్యకు తెలియడం మర్యాద.

ఇట్లు,
సౌభాగ్యమ్మ

తా.క. తాగుడైతే రాయనక్కర్లేదు. ఆ వాసన నేనే పట్టగలను.

*

శుక్రవారం

టీచరమ్మ గారికి,

మీ పాత విద్యార్థి వందనాలు. అంకుల్ ఏ తప్పూ చేయలేదు. బల్ల నేను ఆపలేదు. పాత పాస్టర్ల రోజుల్లో ఆ గది దేనికో నాకూ తెలుసు. ఇప్పుడక్కడ కౌన్సెలింగ్ చేస్తున్నాను. మనసులో బరువున్నవాళ్లు తమంతట తామే వస్తారు. వాళ్లు మాట్లాడతారు, నేను వింటాను, కోరితే కలిసి ప్రార్థన చేస్తాం. ఆ గదిలో విన్నది సంఘ పెద్దలకు చెప్పను, భార్యకూ చెప్పను. మన్నించండి.

ఇట్లు,
శాంతిరాజు

తా.క. నేను చదివింది మరాఠీలో. ఈ ఉత్తరం రాయడానికి రెండు గంటలు పట్టింది. మార్కులు వేయకండి.

*

సోమవారం

శాంతిరాజు గారికి,

పైన "పాస్టరు" అని రాయడం మరిచిపోలేదు, మానేశాను. చెప్పగలిగేదైతే చెప్పేవారు. చెప్పనన్నారంటే నోటితో చెప్పరాని పాపమన్నమాట.

నిన్న ఆయన చొక్కాలు తడిపేముందు జేబులు చూశాను. కోఠారి బస్ టికెట్లు, నాలుగు. కోఠారిలో మాకెవరున్నారు? ఇరవై రెండేళ్ల కింద గనిలో చనిపోయిన సమ్మన్న భార్య ఐలమ్మ తప్ప ఎవరూ లేరు. ఆయనకు అరవై, ఆమెకు అరవై రెండు. లెక్క మీరే వేసుకోండి.

ఇంతలో ఆగమ్మ వచ్చింది. "అక్కా, అన్నకు బల్ల ఆపిండ్రటగా! మేమందరం ఉపాసముండి ప్రార్థన జేస్తం తియ్యి" అంది. "చెయ్యుండ్రి. మీ ఆయన పేరు గూడ కలుపుండ్రి, ఒక్క ఉపాసంతోని రెండు పనులైతయ్" అన్నాను. తలుపు వేసుకుని మాత్రం చాలాసేపు కూర్చున్నాను. నలభై ఏళ్ల కాపురంలో నాకు తెలియని మనిషి ఒకడు ఇంట్లో ఉన్నాడని ఆ రోజే తెలిసింది.

సౌభాగ్యమ్మ

తా.క. ఐలమ్మ వంట బాగా చేస్తుందా? అదొక్కటీ చెప్పండి. ఆయన నా కంచం ముందు నుంచి ఎందుకు లేస్తున్నారో తెలుస్తుంది.

*

గురువారం

టీచరమ్మ గారికి,

మీ తా.క. చదివి నవ్వాను. తర్వాత భయపడ్డాను. ఇంతకంటే రాయడానికి నాకు అధికారం లేదు. ఎవరికైనా చెప్పేది మాత్రం చెప్తాను. తిండీ నిద్రా తప్పితే ప్రార్థనతో పాటు డాక్టర్‌నీ చూడాలి. మాట గొంతులో ఇరుక్కుంటే ఇల్లు కూలేదాకా ఆగకుండా రావాలి.

ఇంకో సంగతి అంకుల్ అనుమతితో రాస్తున్నాను. వచ్చే మంగళవారం ఆయన మిమ్మల్ని కూడా రమ్మంటున్నారు.

శాంతిరాజు

తా.క. ఆయన మాట పూర్తయ్యేదాకా, మీ క్లాసులో మేం కూర్చున్నట్టు మీరు కూర్చోవాలి.

*

శనివారం

శాంతిరాజు గారికి,

ఇప్పుడు నా బల్ల కూడా ఆపుతారన్నమాట! రానని రాసి కవరు అంటించాను. మనవరాలు గ్లోరియా చూసి, "శిక్ష కాదే నానమ్మా. మా కాలేజీల గూడ కౌన్సెలర్ ఉంటది. నువ్వు గట్ల గుడ్లురిమి జూస్తే తాత ఏం మాట్లాడుతడు?" అంది. కవరు చింపాను. వస్తాను.

సౌభాగ్యమ్మ

తా.క. నా తప్పుల జాబితా తెస్తున్నాను. పోస్టుకార్డులో పట్టింది.

*

గురువారం

పాస్టరు గారికి,

క్లాసుకు యాభై మంది చొప్పున నోళ్లు మూయించినదాన్ని. ఒక నోరు తెరిపించడం నాకు రాదని మొన్ననే తెలిసింది. పావుగంట ఆయన మాట్లాడలేదు, మీరూ మాట్లాడలేదు. నేను రెండుసార్లు అందుకోబోయాను. మీరు ఊరికే నా వైపు చూశారు. మూడోసారి నాకే సిగ్గేసింది. ఫ్యాను తిరిగే చప్పుడులో ఆయన మొదలుపెట్టారు.

"ఆ దినం నీ స్కూల్ గ్యాదరింగ్. మైకు కట్టెటోడు రాలేదని నన్ను రమ్మన్నవ్. సమ్మన్న, 'నువ్వు పోరా, నీ షిఫ్ట్ నేను జేస్త' అన్నడు. గని కప్పు గూలింది. నీకు జెప్తే నువ్వు నీ మీదేసుకుంటవని జెప్పలే."

ఆ మైకు సంగతి నేను ఎన్నిసార్లు చెప్పానో! ప్రతి ఏడాది వార్షికోత్సవం గ్యాదరింగ్‌లో, "మా ఆయన షిఫ్ట్ వదులుకుని వచ్చి మైకు కట్టారు" అని నలుగురిలో గొప్పగా చెప్పేదాన్ని. ఆయన పక్కనే కూర్చుని వినేవారు. ఇరవై రెండేళ్లు! పాపమనుకుని జేబులు వెతికాను. దొరికింది నా కోసం దాచిన ఇంత పెద్ద దయ. దాని ముందు నాకు మాట రాలేదు. తేదీతో సహా సంఘం రికార్డులో రాసుకోండి.

నిన్న ఇద్దరం కోఠారి వెళ్లాం. ఆయన అంతా చెప్పారు. ఐలమ్మ చాయ్ గిన్నె దించి, "నాకెప్పుడో ఎరుకే అన్నా. పొద్దుగాల పోయేటప్పుడే మా ఆయన జెప్పిండు, స్టాన్లీ షిఫ్ట్ జేస్తున్న అని. నువ్వే జెప్తవని వచ్చినప్పుడల్లా చాయ్ పెట్టిన. నువ్వేమో తాగి పోతుంటివి" అంది. తర్వాత ముగ్గురం ఏడ్చాం. చాయ్ చల్లారిపోయింది. ఆమె మళ్లీ పెట్టింది.

రాత్రి ఆయన కంచం ఖాళీ చేశారు.

వందనాలతో,
సౌభాగ్యమ్మ

తా.క. వచ్చే మంగళవారం నాకొక గంట కావాలి, నా ఒక్కదానికే. సమ్మన్న గురించి నేనూ ఎవరితోనైనా మాట్లాడాలి. మా ఆయన వింటానంటున్నారు. ఆయన విన్నది చాలు.