అమ్మ పెట్టిన పథ్యం

జూన్ 4, 2001

మిషన్ తొక్కుతుంటే కుడికాలు ఆగిపోయింది. ఎడమది పోలియో కాలు, దాని మీద ఆశ చిన్నప్పుడే వదిలేశాను. ఇది మంచి కాలు. నన్ను మోసేదీ, నాకింత కూడు పెట్టేదీ ఇదే. జాకెట్టు సగంలో ఉంది.

జూన్ 9

అమ్మ చేపల గంప దించీ దించగానే నన్ను ఆటో ఎక్కించింది. పెద్దాపురం అవతల నాటువైద్యుడు చిట్టియ్య. కాలు ముట్టుకోలేదు, నాడి చూశాడు. వాతం కమ్మిందట. చేప, గుడ్డు, పప్పు అన్నీ వాతమేనట, మానేయాలి. వేడన్నం, పథ్యం కారం, ధారాళంగా నెయ్యి. రోజూ ఇసకలో సముద్రం దాకా నడవాలి, లేకపోతే కాలు చచ్చుబడుతుందట. అమ్మ దారిపొడుగునా మొక్కుతూనే ఉంది.

జూన్ 10

అమ్మ కూడా చేప మానేసింది. నువ్వు చూత్తా ఉంటే నాకెలా దిగుద్దే అంది. చేపలమ్ముకునే ఇంట్లో నీచువాసన గంపకే మిగిలింది.

జులై 2

ఒళ్లొచ్చింది. నేను కుట్టుకున్న జాకెట్లే నాకు పట్టడం లేదు. మొహం కళగా ఉందని అమ్మకి ఒకటే సంబరం. ఇసకలో నడిచొచ్చాక కాలు మండిపోతోంది. మందు పని చేస్తోందనడానికి అదే గుర్తట.

జులై 19

పడ్డాను. మిషన్ పక్కనే.

ఆగస్టు 6

కాకినాడ. డాక్టర్ గారు అమ్మని బయట కూర్చోబెట్టి టెస్ట్ చేశారు. పాత పోలియో ఇన్నేళ్లకి మంచి కాలినీ పట్టుకుంటుందట, దానికేదో ఇంగ్లీషు పేరు చెప్పారు. కాలికి రెస్ట్ కావాలట. వెయిట్ పెరగకూడదట. చేప, గుడ్డు, పప్పు బాగా తినాలట. మేం చేసిందంతా తలకిందులే. ఇంతలా అరగదీయకపోతే ఇంకొన్నేళ్లు నడిచేవారమ్మా అన్నారు. పోయిన బలం రాదు, వీల్‌చైర్ చూసుకోమన్నారు.

బయటికొస్తే అమ్మ గబుక్కున లేచింది. నా పథ్యం పన్జేసిందన్నారా అని అడిగింది. ఆ మొహం చూసి అవునన్నాను. పథ్యం ఇక చాలు, చేప తినమన్నారనీ, నడక మెల్లగా వస్తుందన్నారనీ చెప్పాను. బస్సులో నా కాలు ఒళ్లో పెట్టుకుని సంతోషంతో ఏడ్చింది. నాకు ఎక్కడికైనా పారిపోవాలనిపించింది. దానికీ కాళ్లు కావాలి.

ఆగస్టు 7

చందువా పులుసు. అమ్మే ముళ్లు తీసి పెట్టింది. 

ఆగస్టు 20

వీధి చివర ఎస్‌టీడీ బూత్ నడిపే బేబీ వచ్చింది. దానికీ నాలాగే చిన్నప్పటి పోలియో. ఈ మధ్య మంచి కాలు లాగేస్తోందట. అమ్మ ఊరుకుంటుందా? చిట్టియ్య దగ్గరికి వెళ్లమంది. మా అమ్మాయి పథ్యం చూసి కాకినాడ డాక్టరే మెచ్చుకున్నాడంది. నిజమేనా అక్కా అని బేబీ నా వైపు చూసింది. అమ్మ కూడా చూసింది.

నేను సూదిలోకి దారం ఎక్కిస్తూ కూర్చున్నాను. ఛీ, నా బతుకు.

ఆగస్టు 27

బేబీ చేప మానేసిందట. పొద్దున్నే ఇసకలో నడుస్తోందట. అమ్మ గర్వంగా చెప్పింది.

బూత్ దాకా నేను వెళ్లలేను. కబురు పంపాలంటే అమ్మతోనే పంపాలి.

ఈ పూటా చెప్పలేదు.