బోర్డును వెనక నుంచి చూసినవాడు

దిల్‌సుఖ్‌నగర్,
ఆదివారం.

అక్కకు తమ్ముడు సత్తయ్య దండం పెట్టి రాసేది.

నేను బాగున్నాను, కడుపునిండా తింటున్నాను, నమ్ము. నీ మోకాలు నొప్పి తగ్గిందా? బావ దగ్గు ఎట్లా ఉంది? ఫోనులో నాలుగు మాటలు చెప్పేలోపే 'ఆఁ ఆఁ' అని బావ చేతికిచ్చేస్తావు, అందుకే ఈ ఉత్తరం. స్వప్నా, కోడలుపిల్లా, అమ్మకు మెల్లగా చదివి వినిపించు.

టీవీ రిపేరు షాపు మూసుకున్న నలభై ఏళ్ల మనిషి పట్నం పోయి ఏం నేర్చుకుంటాడని ఊరంతా నవ్వింది కదా. నవ్వనీ. టీవీ విప్పితే లోపల రాగి గీతలతో పచ్చటి అట్ట కనబడుతుంది చూడు, బోర్డంటారు, ఇన్నేళ్లు దాన్ని బాగుచేశాను. ఇప్పుడు దాన్ని నేనే కంప్యూటర్‌లో గీస్తున్నాను. ఏ ముక్క ఎక్కడ కూర్చోవాలి, ఏ గీత ఇంకో గీతను తాకకుండా ఎట్లా పోవాలి, అదే చదువు. పొలం గట్లలాంటిదే, ఒకటి ఇంకోదాన్లోకి జరిగిందా, కొట్లాటే.

క్లాసులో అందరూ పిల్లలే, నన్ను అంకుల్ అంటారు. నేర్పేది మాధవి మేడం, గుంటూరు వైపు ఆమె, నాకన్నా చిన్నది. తెలంగాణ బందులతో ఇన్‌స్టిట్యూట్ షట్టర్ వారానికి రెండు రోజులన్నా దిగుతుంది. ఆ రోజుల్లో చైతన్యపురిలో తమ ఇంటికే రమ్మంటుంది. మొన్న ఎల్బీనగర్ చౌరస్తాలో మనవాళ్ల వంటావార్పుకు పోయి, రోడ్డు మీదే కూర్చుని పప్పన్నం తిన్నాను. జై తెలంగాణ అని అరిచి అరిచి గొంతు పోయి పాఠానికి వెళ్తే, మేడం వాళ్లమ్మ ఏమీ అడగకుండా అల్లం టీ ఇచ్చింది. మంచివాళ్లు అక్కా.

ఎల్బీనగర్‌లో యాదగిరి సార్ అని ఒకాయన బావి మోటార్లకు ఆటో స్టార్టర్లు తయారుచేస్తాడు. కరెంటు రాగానే మోటారును దానంతట అదే నడిపే డబ్బా, బావ దగ్గర ఉన్నదే. ముక్కుసూటి మనిషి. పని అడగబోతే, "దసరాలోపట నడిచే బోర్డు పట్కరా, పనిల పెట్టుకుంట. లేకుంటే మీ ఊరి బస్సెక్కు" అన్నాడు. మూసేసిన నా షాపు షట్టర్ ముందు మళ్లీ కూర్చోవడం నావల్ల కాదక్కా. భయం పట్టుకుంది.

నెల రోజులు గీశాను. రాగి అట్ట మీద అచ్చువేసి మందునీళ్లలో ముంచితే అక్కర్లేని రాగి కరిగిపోయి నా గీతలు మిగిలాయి. ఎంత మురిసిపోయానో. తీరా చూస్తే చిప్ కాళ్లు తారుమారు, ఎడమవి కుడికి, కుడివి ఎడమకు. ఎందుకంటే రిపేరు చేసేవాడు బోర్డును ఎప్పుడూ బోర్లేసి చూస్తాడు, టంకం ఉండేది వెనకే కదా. ఇరవై ఏళ్ల ఆ అలవాటుతో గీసేటప్పుడు కూడా వెనక నుంచే గీశాను. కంప్యూటరేమో ముందు నుంచి చూస్తుంది. మేడం నవ్వు ఆపుకోలేకపోయింది. "మీ అనుభవమే మీ కొంప ముంచిందండీ సత్తయ్యగారూ" అంది. మర్నాడే గడువు. ఇంకో అట్ట కొందామంటే బంద్, దుకాణాలన్నీ మూత.

ఏడుపొచ్చింది. కాసేపటికి సిగ్గూ వచ్చింది. చెడిపోయిన బోర్డులతోనే కదా ఇన్నాళ్లు బతికింది! ముక్కలన్నిటినీ ముందువైపు కాకుండా, రాగి ఉన్న వెనకవైపే కూర్చోబెట్టి టంకం పెట్టాను. తిరగబడ్డ కాళ్లు మళ్లీ తిరగబడి సరైన చోట దిగాయి.

బస్సులు లేవు, మర్నాడు ఎల్బీనగర్ దాకా నడిచే పోయాను. సార్ ఇల్లు పైన, వర్క్‌షాపు కింద. బోర్డు తగిలించి స్విచ్ వేశాడు. మోటారు గిర్రున తిరిగింది అక్కా. ఆయన మాత్రం బోర్డును అటూ ఇటూ తిప్పి, ముక్కలు రాగి దిక్కున ఎందుకున్నాయని అడిగాడు. దాచకుండా జరిగింది చెప్పాను.

"గీసేటోళ్లు మస్తుమంది దొరుకుతరు" అన్నాడు. "తప్పు ఒప్పుకొని బాగుచేసేటోడు దొరకడు. సోమవారం సంది రా. గని జర సీదా గియ్యి."

ఉద్యోగం వచ్చిందక్కా. నీకు వినబడలేదేమో, స్వప్నా మళ్లీ చదువు, ఉద్యోగం వచ్చింది.

బావ ఇటు వస్తే జొన్నపిండి, చింతకాయ తొక్కు పంపు. ఇక్కడి రొట్టెలు రొట్టెలు కావు. పెద్దబాపుకు, పెద్దమ్మకు నా దండాలు చెప్పు.

మళ్లీ ఆ తప్పు జరగకుండా మేడం ఒక ఉపాయం చెప్పింది. బోర్డు మూలన ఏదన్నా పేరు గీసుకోవాలట. రాగి మీద అచ్చు పడ్డాక పేరు తిన్నగా చదవగలిగితే బోర్డు సరిగ్గా ఉన్నట్టు, తిరగబడితే తప్పు. నేను నీ పేరు గీశాను, లచ్చమ్మ అని, ఇంగ్లీషు అక్షరాల్లో. ఇకనుంచి నీ పేరు సరిగ్గా ఉందో లేదో చూశాకే ఏ బోర్డునైనా మందునీళ్లలో వేస్తాను.

నీ చేయి నా తల మీద ఉండనీ.

నీ తమ్ముడు
సత్తయ్య