మూసీ విడిచిన మెట్టు

1973 ఏప్రిల్ 9
లాల్‌దర్వాజాలో బసవయ్య సేటు పెరట్లో బావి పని దొరికింది. మా ఆయన ఎల్లప్ప, మరిది అంజన్న కొబ్బరికాయ కొట్టి గడ్డపార వేశారు. నల్లాలు ఎండిపోయాయి, సేటుకు మస్తు తొందర.

ఏప్రిల్ 17
ఆయన జేబునిండా గులకరాళ్లు తెచ్చాడు. కోడిగుడ్లలా నున్నగా ఉన్నాయి. ఇవి పడ్డాయంటే గంగమ్మ దగ్గరికొచ్చినట్టేనని సంబరం. మూసీ ఎక్కడ, ఆ పెరడు ఎక్కడ! రెండు రాళ్లు కొంగున కట్టుకున్నాను.

ఏప్రిల్ 18
కాలేజీ జియాలజీ ల్యాబ్‌లో రాళ్లు కడిగి సర్దడం నా డ్యూటీ. ఆనందరావు సార్‌కు చూపించాను. నీళ్లలో దొర్లితేనే రాయి అలా గుండ్రమవుతుందట. లక్షల ఏళ్ల కింద మూసీ అంత ఎత్తున పారి ఈ గ్రావెల్ పరిచింది. తర్వాత నేలను కోసుకుంటూ కిందికి దిగిపోయింది. పాత అడుగు మెట్టులా పైనే మిగిలింది. దాన్ని టెర్రస్ అంటారట. రాళ్ల మధ్య బంకమన్ను ఉందా అని అడిగారు. లేదన్నాను. అయితే గోడ నిలవదు, గోడ కాసే సిమెంటు ఒరలు దించకుండా తవ్వొద్దని చెప్పమన్నారు.

చెప్పాను. ఆయన నవ్వాడు. తాతల నాటి నుంచి ఒర లేకుండానే తవ్వుతున్నారట. కాయ కొట్టిన బావిని సగంలో విడిస్తే అరిష్టమట.

ఏప్రిల్ 20
భయం. గిన్నె కిందపడినా ఉలిక్కిపడుతున్నాను.

ఏప్రిల్ 21
నెల తప్పిందని అబద్ధమాడాను. పెండ్లాం కడుపుతో ఉంటే మొగుడు బావిలోకి దిగకూడదు, మా ఇళ్లలో అది కట్టు. ఆయన కళ్లనిండా నీళ్లు. గడ్డపార మూలకు పెట్టేశాడు. హమ్మయ్య, పని ఆగిందనుకున్నాను.

సాయంత్రం అంజన్న వచ్చాడు. అన్న పైనుంచి తాడు లాగితే చాలు, తాను దిగుతాడట. మళ్లీ రాళ్ల సంగతి చెప్పాను.

"ఫికర్ జెయ్యకు వదినా. నీకు కొడుకు పుట్టేలోపల నీళ్లు తెస్త."

ఏప్రిల్ 23, పగలు 3 గంటలు
నీళ్లు ఊరాయట. అంజన్న సంతోషంతో అరిచాడట. ఆ వెంటనే గ్రావెల్ అతని మీదికి జారింది. ఇంకా తవ్వుతున్నారు.

ఏప్రిల్ 24
అంజన్నను తీశారు. కడుపుతో ఉన్నదాని మొగుడు పాడె మొయ్యొద్దన్నారు పెద్దలు. సొంత తమ్ముణ్ని మొయ్యలేక ఆయన వాకిట్లో కూలబడ్డాడు.

మే 4
దినం అయిపోయింది. అంజన్న పెండ్లాం నీలమ్మ పక్కన కూర్చుని నా కడుపు మీద చెయ్యి పెట్టింది. ఎంతసేపైనా తియ్యలేదు.

"ఎక్కడికి పోలేదక్కా. గిట్లనే మళ్ల వస్తున్నడు."

మే 13
పొద్దున బయటచేరాను. ఎవరికీ చెప్పలేదు.

నీలమ్మ అంజన్న ధోవతి చింపి పొత్తిగుడ్డలు కుడుతోంది.