నీళ్ల మీదున్న వాళ్ల పేర్లు

నాయనా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. నీ మాట ఒకటి కాదన్నాను, అందుకే రాస్తున్నాను.

మన బోగోలు తీరంలో ఏ పడవలో ఎవరెవరు వేటకు పోయారో అంతా నీ జ్ఞాపకంలోనే ఉండేది. "నీళ్ల మీద ఉండేవోళ్ల పేర్లు కాగితం మీద పెట్టకూడదు పాపా," అనేవాడివి. రాస్తే తిరిగిరారని నీ భయం. నువ్వు ఒడ్డున గుండె పట్టుకుని కూలిపోయిన రోజు మూడు పడవలు సముద్రంలో ఉన్నాయి. వాటిలో ఎవరున్నారో తెలియక ఇల్లిల్లూ తిరిగి అడిగాం.

ఈ వారం జావాలో ఒక మైక్రోసర్వీసు, అంటే ఈ ఒక్క పనే చేసే చిన్న ప్రోగ్రాం, పెట్టాను. దాని డేటాబేసు అన్నీ మెమరీలోనే ఉంచుకుంటుంది. పడవ నంబరు కొడితే క్షణంలో పేర్లు చెబుతుంది.

ఈ రోజు తెల్లవారుజామున పడవలు కదలగానే చిన్నాన్న పేర్లు చెప్పాడు, నేను ఎక్కించాను. పరీక్షకని సర్వర్ ఆపి మళ్లీ వేస్తే ఒక్క పేరూ లేదు; మెమరీలో ఉన్నదంతా సర్వర్ ఆగడంతోనే పోయింది.

"అచ్చం మీ నాయన మాదిరే ఉండాదే," అన్నాడు చిన్నాన్న.

ప్రతి పేరూ అప్పటికప్పుడు డిస్కు మీద రాసుకునేలా సెట్టింగు మార్చాను.

"అన్న ఒప్పుకోడు పాపా."

"ఒప్పుకోడు," అన్నాను. పేర్లు మళ్లీ ఎక్కించి, సర్వర్ ఆపి వేశాను. ఈసారి అన్నీ ఉన్నాయి.

తర్వాత ఒడ్డు వదలబుద్ధి కాలేదు. తిండి కూడా అక్కడికే తెప్పించుకున్నాను. పొద్దు వాలేలోగా పేర్లు రాసిన పద్నాలుగు మందీ తిరిగొచ్చారు.

కోప్పడాలంటే కోప్పడు నాయనా. రేపు పోయేవాళ్ల పేర్లూ రాస్తాను.