గడియ పెట్టని తలుపు

పుత్తూరు,
మంగళవారం, మధ్యాహ్నం.

చెల్లెలు మోహనకు, అక్క కృపామణి ప్రభువు నామంలో వందనాలు చెప్పి రాసేది. ఇక్కడ నేనూ, నీ కూతురు దీవెనా క్షేమం. కువైట్‌లో నువ్వు కూడా క్షేమమని నమ్ముతాను.

ఫోనుండగా ఉత్తరమెందుకని అనుకుంటావు. ఫోనులో మాట్లాడేటప్పుడు దీవెన నా భుజం మీదే ఉంటుంది. ఇప్పుడు మాత్ర వేసుకుని నిద్రపోతోంది. సెలవు మీద ఊరికొచ్చిన పెంచలయ్య గురువారం మళ్ళీ కువైట్‌కే వస్తున్నాడు. ఊరగాయతో పాటు ఇదీ ఇస్తాడు.

అతని చేత పంపిన నీ ఉత్తరంలో నాలుగు అడిగావు. మాత్రలు వేళకే వేస్తున్నాను, ఫిట్స్ వచ్చి నలభై రోజులైంది. జుట్టు కత్తిరించలేదు. లెక్కల్లో భిన్నాల దాకా వచ్చాం. విరిగిన ఎముకలకు కట్టు కట్టించుకోవడానికి మన వీధిలో ఆటోలు దిగేవాళ్ళను కిటికీలోంచి లెక్కపెట్టి, "పదిమందిలో ఆరుమందికి సేతులు ఇరిగినాయి, నలుగురికి కాళ్ళు. ఆరు బై పది సేతులోళ్ళు పెద్దమ్మా" అంది. నవ్వాను. ఆ కిటికీ తప్ప దానికి వేరే ఊరు లేదు. నాకూ అంతే.

నాలుగోది, "నీకు ఓపికగా ఉండాదా అక్కా" అని అడిగినది, చివర రాస్తాను.

బడిలో ఫిట్స్ వచ్చి పడిపోతే పిల్లలు చుట్టూ చేరి నవ్వారని, "దీన్ని ఎవరి కంటా పడనియ్యొద్దక్కా, ఇంట్లోనే సదివించు" అని వెళ్ళేటప్పుడు నా దగ్గర మాట తీసుకున్నావు. రెండేళ్ళయింది. అమ్మా నేనే, టీచరూ నేనే, ఆటలో జతా నేనే. ఆదివారం ఆరాధన కూడా ఫోనులోనే. స్నానానికి పోయినా తలుపు గడియ పెట్టను. దబ్బుమంటే వినపడాలి గదా.

ఇది ఎవరికీ చెప్పలేదు. నేను కొంగు తలమీద వేసుకుని మోకరిస్తే దీవెన పిలవదు. ప్రార్థనలో ఉన్నవాళ్ళను పిలవకూడదని నేనే నేర్పాను. మొదట పది నిమిషాలు మోకరించేదాన్ని, తర్వాత అరగంట. ఇప్పుడు రోజుకు నాలుగు తూర్లు. మొన్న ఇంటికొచ్చిన పాస్టరమ్మ, "ఎప్పుడు సూసినా మోకాళ్ళ మీదనే ఉంటావు గదక్కా! మా ఆడోళ్ళకు నిన్నే సూపించి సెప్తాండా" అంది. తల వంచుకున్నాను.

ఆ కొంగు కింద ప్రార్థన లేదు మోహనా. ఒక్క మాట కూడా లేదు. ఎవరూ పిలవని చోటు ఇంట్లో అదొక్కటే. దేవుణ్ణి అడ్డం పెట్టుకొని దాక్కుంటున్నాను.

శనివారం లెక్కలు చెబుతుంటే దీవెన పెన్సిల్ పక్కన పెట్టి, మూలకు పోయి, తువ్వాలు తలమీద వేసుకుని మోకరించింది. పావుగంట చూశాను.

"ఏం ప్రార్థన సేస్తాండావు తల్లీ?"

తువ్వాలు తియ్యకుండానే చెప్పింది. "ప్రార్థన కాదు పెద్దమ్మా. నువ్వు సేసేదే నేనూ సేస్తాండా."

దానికి ఎప్పటి నుంచి తెలుసో. అది కూడా నా నుంచి దాక్కోవాలనుకుంటుందని నాకెన్నడూ తోచలేదు.

పక్క సందులో నిర్మలమ్మ టీచరు రిటైరయ్యాక ఇంట్లో ఆరుగురు పిల్లలకు పాఠాలు చెబుతోంది. ఆ సాయంత్రం ఆమెను ఇంటికి పిలిచి అంతా చెప్పాను. "పడితే పక్కకు తిప్పి పండబెట్టాల, అంతే గదా? మా ఆయనకు ముప్పై ఏండ్లు సేసినా. ఆయన పడినన్ని తూర్లు ఈ పిల్ల పడలేదులే. పంపించు" అంది.

నిన్న పంపాను, రెండు గంటలు. నిన్ను అడగలేదు. కోపం వస్తే నా మీద చూపించు, దీవెనను మాత్రం ఆపొద్దు. టీచరు గడప దాకా దించితే అది వెనక్కి తిరిగి చూడకుండా పోయింది. నేను ఇంటికొచ్చి, తలుపు గడియ పెట్టుకుని స్నానం చేశాను. నీళ్ళు పోసుకున్నంత సేపూ చెవి బయటే ఉంది.

ఇక నాలుగో ప్రశ్న. ఇన్నాళ్ళూ దేవుని కృప వల్ల ఓపిక ఉందని రాస్తూ వచ్చాను.

లేదు మోహనా.

ఇట్లు,
మాట తప్పిన నీ పెద్దక్క,
కృపామణి