స్పిరిట్ సీసా మీద గీత

జూన్ 4
రెండు తలుపులు, ఒక బీరువా పాలిష్ అయ్యాయి. స్పిరిట్ మూడు గ్లాసులు. లెక్క సరిపోయింది.

జూన్ 9, ఉదయం
తమ్ముడు మళ్ళీ రక్తం కక్కాడు. ఏడాదిలో మూడోసారి. గరుకు కాగితం చేతిలో ఉండగానే బల్ల మీదికి ఒరిగిపోయాడు.

సాయంత్రం
కడుపులో పుండట. మళ్ళీ అదే. డ్యూటీ డాక్టరు వాడి చొక్కా వాసన చూసి, ఎన్నాళ్ళుగా తాగుతున్నాడని అడిగాడు. మేం చెక్కసామానుకు పాలిష్ పెట్టేవాళ్ళం, లక్కను స్పిరిట్‌లోనే కరిగిస్తాం అన్నాను. అందరూ ఏదో ఒకటి చెబుతారన్నాడు. మరదలు ఊరుకోలేదు. దగ్గుమందుకే తల తిరిగే మనిషండీ, ఈయనేం తాగుతాడని వార్డంతా వినబడేలా అడిగింది. నేను తల దించుకున్నాను.

జూన్ 10
ఇక్కడైనా నిజం రాయాలి. రెండేళ్ళుగా స్పిరిట్ సీసాకు అంటించిన కాగితం మీద రోజూ పెన్సిలు గీత పెడుతున్నది సరుకు లెక్క కోసం కాదు. వాడు తాగుతున్నాడేమోనని. ఒక్క చుక్క తేడా రాలేదు. అయినా మానలేదు. పొద్దున్నే షాపు తెరవకముందు, కబుర్లు చెబుతున్నట్టు దగ్గరికి జరిగి నోరు వాసన చూసేవాణ్ణి. అదీ సరుకు లెక్కల పుస్తకంలో రాశాను. లేదు. లేదు. లేదు.

జూన్ 11
కొత్తగా వచ్చిన డాక్టరమ్మకు ఆ పుస్తకం ఇచ్చాను. తిరగేసి, ఇంత అనుమానం పోలీసులకైనా ఉండదండీ అని నవ్వింది. కాసేపటికి నవ్వు ఆగింది. తాగుడు కాకపోతే ఇంకేదో ఉందంది. పాత ఎండోస్కోపీ వీడియో మళ్ళీ పెట్టించింది. పుండు పక్కన సన్నని చీలిక, అందులోంచి పచ్చగా ఊరుతోంది. ఇన్నాళ్ళూ ముడత అనుకున్నారట. స్కాన్ రాసింది.

జూన్ 13
లివర్ నుంచి పైత్యరసం తెచ్చే గొట్టం పేగులోకి తెరుచుకోవాలట. వాడికి కడుపులోకి తెరుచుకుంది. పుట్టుకతోనే. తన సర్వీసులో ఇదే మొదటిదంది డాక్టరమ్మ. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆ రసం కడుపు గోడను కొరుకుతోంది. ఆపరేషన్ చేసి గొట్టాన్ని పేగుకు కలుపుతారు. పెద్ద ఆపరేషనే, కానీ మనిషి బాగయ్యే అవకాశం చాలా ఉందంది.

తమ్ముడితో గీతల సంగతి చెప్పేశాను. తెలుసన్నాడు. ఆ పెన్సిలు రోజూ చెక్కి పెట్టింది వాడేనట. మొద్దుబారితే గీత లావుగా పడుతుంది కదన్నయ్యా, తేడా వస్తే నా నెత్తినే కదా పడేది అన్నాడు. కోపంగా అనలేదు.

జూన్ 17, ఉదయం 8
లోపలికి తీసుకెళ్ళారు.

మధ్యాహ్నం 2.30
బాగా జరిగిందంది డాక్టరమ్మ. మరదలు నేల మీద కూలబడి ఏడ్చింది. ఆమెకని మంచినీళ్ళు తెచ్చి నేనే తాగేశాను.

జూన్ 24
ఆకలంటున్నాడు. గంటలో ఇది మూడోసారి.