చెవులున్న నొప్పి

సిద్దిపేట,
నవంబరు 1991, ఆదివారం.

చిరంజీవి స్వరాజ్యలక్ష్మికి బాపు ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరమూ క్షేమమని వ్రాయడం మర్యాద. కానీ నీవు నర్సు చదువు చదువుతున్నదానివి, మర్యాదకు మోసపోవు. కనుక మీ అమ్మ క్షేమం, నేను క్షేమం, నా నడుము మాత్రం యథాప్రకారం అని విడదీసి వ్రాస్తున్నాను. హైదరాబాదులో నీ హాస్టలు తిండి, నిద్ర బాగున్నవని తలుస్తాను.

నీ ఉత్తరం అందినది. అంటించిన చోట కవరు ముడతపడి ఉన్నది. ఎవరో ఆవిరి పట్టి తెరిచి మళ్ళీ అంటించినట్లు నాకు అనుమానం. పోస్టుమ్యానును అనుమానించలేను, మన ఇంటి నడుములతో ఆయనకేమి పని? ఇక ఇంట్లో ఉన్నది ఇద్దరం. నేను తెరవలేదు.

నీవు నాలుగు ప్రశ్నలు అడిగినావు. నాలుగవది, ఇంట్లో నొప్పి తగ్గించే సూదిమందు ఏమైనా దాచినావా అన్నది, నీకు తోచిన ప్రశ్న కాదు. అందులో మీ అమ్మ గొంతు వినబడుతున్నది. దానికి జవాబు చివర వ్రాస్తాను.

బోరు మోటార్లను ఇప్పుడు చేతులతో ఎత్తడం లేదు. మన వైండింగ్ షాపు దూలానికి కప్పీ వేయించి గొలుసుతో లేపుతున్నాను. నులక మంచం తీసివేసి చెక్కబల్ల మీద పడుకుంటున్నాను. మీ అమ్మ ఇసుక వేయించి, మూటగట్టి కాపడం పెడుతున్నది. మూడవదానికి వస్తే, డాక్టరమ్మ చూపిన కసరత్తు చేస్తున్నాను, కోమటిచెరువు కట్ట దాకా నడుస్తున్నాను. మొదట ఆమెను కూడా నేను నమ్మలేదు. చీటీ మీద మందు వ్రాయకుండా కసరత్తు చెప్పేసరికి, దవాఖానలో మందులు అయిపోయినవేమోనని అనుమానించి, ఆ మాట ఆమెతోనే అన్నాను. ఆమె నవ్వింది.

"మందులున్నయి మైసయ్యా. నీ నొప్పి మొత్తం పోయే మందే లేదు. దాంతోటి పనిజేసుకునుడు నేర్చుకో."

నాకు అలవాటైపోయిన సూదిని ఒక్కసారిగా కాక, మెల్లమెల్లగా తగ్గించి మాన్పించినది ఆమెయే.

అయినా నీవు చదువు మానుకొని వచ్చి నాకు కాపలా కూర్చుంటానని వ్రాసినావు. అది చదివినప్పటి నుండి నాకు అన్నం సయించడం లేదు. వానాకాలంలో సూది మత్తులో నేను కరెంటున్న తీగ మీదికి చేయి చాపడం, మీ అమ్మ పరుగున వచ్చి మెయిన్ దించడం నీవు కళ్ళారా చూచినావు. నీ భయం న్యాయమే. కానీ నేను బడి ముఖం చూడక, దుకాణాల బోర్డులను కూడబలుక్కొని అక్షరాలు నేర్చినవాడిని. నా నడుము నీ చదువును మింగరాదు. నీవే తూచి నిర్ణయించు. జరిగినది జరిగినట్లు వ్రాస్తాను.

కాంపౌండర్ సుధాకర్ రోజూ సాయంత్రం పని ముగించుకొని లూనా బండి మీద వచ్చి నాకు సూది వేసిపోయేవాడు గదా. సూది మానిన తరువాత ఒక ఉదయం, కాయిల్ చుట్టుకుంటూ హాయిగా ఉన్నాను. వీధి మలుపులో లూనా చప్పుడైంది. నడుములో నిప్పు పెట్టినట్లయింది. పట్టుకొని బయటికి వస్తే, బండి మీద సుధాకర్ లేడు. బన్నుల బుట్టతో బేకరీ బాబా మియా ఉన్నాడు.

"ఏంది మైసయ్య భాయ్, నడుం పట్టుకొని గట్ల ఉరికొచ్చినవ్? బన్ను కావాల్నా, లడాయి కావాల్నా?"

"ఈ బండి నీకెట్ల వచ్చింది?"

"సుధాకర్ స్కూటర్ కొన్నడు, గిది నాకమ్మిండు. ఏం, దొంగమాల్ అనుకున్నవా?"

నేను అనుమానించినది బండిని కాదు, నా నొప్పిని. సూది తెచ్చే బండి చప్పుడు విని లేచే నొప్పికి చెవులున్నట్లే గదా. బరువు వల్ల వచ్చేది ఒకటి, చప్పుడు విని వచ్చేది మరొకటి. ఇన్నాళ్ళూ రెండింటికీ ఒకటే పేరు పెట్టి మోసినాను. దాని చెవులు మొద్దుబారాలంటే ఆ చప్పుడు రోజూ వినబడాలి, సూది మాత్రం రాకూడదు. రోజూ ఇటే పొమ్మని, ఆగవద్దని బాబా మియాను అడిగినాను.

"ఆగకుంట పోతే బన్నులెట్ల అమ్ముడువోతయి? నీ నడుం కోసం నా గిరాకి చెడగొట్టుకోవాల్నా?" అన్నాడు. కాసేపు తల గోక్కొని, "సరే తీ. ఒక చక్కర్ ఉత్తగ కొడత, ఇంకో చక్కర్‌కు అమ్ముకుంట," అన్నాడు. మాట తప్పలేదు. ఇప్పుడు లూనా పోతుంటే నడుము ఒకసారి తల ఎత్తి చూచి, మళ్ళీ పడుకుంటున్నది.

ఇక నాలుగవ ప్రశ్న. అవును, ఒక సూదిమందు దాచినాను. బల్ల కింద కాలిపోయిన పాత మోటారు ఉన్నది గదా, దాని డొక్కలో, వైండింగుకు వాడే గట్టి కాగితంలో మడిచి పెట్టినాను. అది ఉన్నదన్న ధైర్యంతోనే మిగతావి మానగలిగినాను.

మొన్న మీ అమ్మ పిండి గిర్నీకి పోయినప్పుడు, చిన్నకోడూరు రైతు తొందర పెట్టినాడని గొలుసు వేయకుండా మోటారు ఎత్తినాను. నొప్పికి కళ్ళు తిరిగినవి. లూనా రాలేదు, కనుక చెవుల నొప్పి అని తప్పించుకోలేను. పాత మోటారులో చేయి పెట్టినాను. కాగితం ఉన్నది. నా మడత కుడి వైపుకు, ఇది ఎడమ వైపుకు. లోపల ఏమీ లేదు.

బల్ల మీద వెల్లకిల పడుకున్నాను. మీ అమ్మ వచ్చింది.

"ఏంది, పండుకున్నవ్?"

"ఊకెనే."

"ఊకెనే పండుకునే మనిషివా నువ్వు?"

నా ముఖం చూచింది, పాత మోటారు వైపు చూచింది, ఇసుక వేయించడానికి లోపలికి పోయింది. నేను అడగలేదు. అడిగితే, నేను వెతికినట్లు ఆమెకు తెలుస్తుంది. ఆమె కూడా అడగలేదు. అడిగితే, తీసినది తానేనని నాకు తెలుస్తుంది.

చేయి పెట్టినాను, అది నాకు విరుద్ధం. సుధాకర్ ఇల్లు ఎదురు వీధిలోనే ఉన్నది. దొరకనప్పుడు అక్కడికి పోలేదు, అది నాకు అనుకూలం. నీవు తూచు. సెలవులకు రా, చదువు విడిచి మాత్రం రావద్దు.

ఈ కవరుకు మైదా రెండు పూతలు పూసి, కిటికీలో ఆరబెట్టి, నా చేతితోనే డబ్బాలో వేస్తాను.

ఇట్లు,
నీ మేలు కోరే బాపు,
మైసయ్య.

(వెనుక వైపున, పెన్సిలుతో)

బిడ్డా, మైద ఆరకముందే తెరిచిన. సూదిమందు నేనే తీసి మోరిల పారవోసిన. అడుగుతడేమో అని సూస్తున్న. ఇంకా అడుగలే. నువ్వు సదువుకో.
— అమ్మ